గడపకు ఇవతల: మహమ్మారుల కాలంలో గృహజీవనం

2020 మార్చి 25 తెలుగువారికి శార్వరి నామ సంవత్సర ఉగాది. దేశవ్యాప్త లాక్‌డౌన్ ప్రారంభమైనదీ ఆ రోజునే. ముందురోజు రాత్రి 8 గంటలకు ప్రధానమంత్రి చేసిన ప్రకటనతో ఉగాది ఉదయానికి వీధులు నిర్మానుష్యమయ్యాయి. పంచాంగ శ్రవణానికి గుడికి వెళ్లే వీలు లేదు. వేపపూత, మామిడికాయ సమకూరని ఇళ్లలో ఉన్న వాటితోనే ఉగాది పచ్చడి సిద్ధమయింది. ఏప్రిల్ 2న భద్రాచలంలో సీతారామ కల్యాణం సైతం భక్తజనం లేకుండానే జరిగింది.

21 రోజులకని మొదలైన ఆ నిర్బంధం విడతలవారీగా మే 31 వరకు కొనసాగింది. ఆ కాలమంతా ప్రజారోగ్య రక్షణ భారంలో అత్యధిక భాగాన్ని ఇల్లే మోసింది. ఇంట్లో ఉండటం పౌరధర్మమయింది. అయితే మహమ్మారి భారం ఇంటిపై పడటం భారతదేశంలో ఇదే తొలిసారి కాదు. గడపకు, ప్రభుత్వానికి, వ్యాధికి మధ్య ఏర్పడిన సంబంధం కాలానుగుణంగా ఎలా మారుతూ వచ్చిందో పరిశీలిస్తే 2020 నాటి గృహజీవనం మరింత స్పష్టంగా అర్థమవుతుంది.

గుమ్మానికి వేపమండలు

మశూచి ప్రబలిన రోజులలో ఇంట్లో ఒకరికి వ్యాధి సోకితే "అమ్మవారు పోసింది" అనేవారు. గుమ్మానికి వేపమండలు కట్టేవారు. వాటిని చూసిన బయటివారు లోనికి అడుగు పెట్టేవారు కాదు. ఆ ఇంట తాలింపు వేసేవారు కాదు. రోగిని వేపాకులపై పడుకోబెట్టి, తగ్గుముఖం పట్టిన తరువాత వేపాకు, పసుపు వేసిన నీటితో స్నానం చేయించేవారు. భక్తిలో ఇమిడిపోయిన ఈ ఆచారాలలో వ్యాధిగ్రస్తుని వేరుగా ఉంచే జాగ్రత్త కూడా ఉంది. ఈ నిర్బంధాన్ని కుటుంబం తనకు తానుగా విధించుకునేది. మశూచిని భారతదేశం నుండి నిర్మూలించినట్లు 1977లో ధ్రువీకరణ వెలువడింది. అప్పటికి ఈ ఆచారాలు తరతరాల జ్ఞాపకంగా స్థిరపడ్డాయి.

గడప దాటిన ప్రభుత్వం

1896 సెప్టెంబరులో బొంబాయిలోని మాండ్వీ ప్రాంతంలో ప్లేగు బయటపడింది. 1897 ఫిబ్రవరి 4న వలస ప్రభుత్వం అంటువ్యాధుల చట్టాన్ని అమలులోకి తెచ్చింది. నాలుగే సెక్షన్లు గల ఆ చిన్న చట్టం అధికారులకు విస్తృతమైన అధికారాలనిచ్చింది. పూనాలో ప్లేగు కమిటీ అధ్యక్షుడైన రాండ్ పర్యవేక్షణలో సైనికులు ఇళ్లలో సోదాలు జరిపారు. వంటిళ్లలోనికి, పూజగదులలోనికి ప్రవేశించారు. రోగులను ఆసుపత్రులకు, వారి కుటుంబసభ్యులను ప్రత్యేక శిబిరాలకు తరలించారు. సామాన్లను తగులబెట్టారు. వ్యాధి కంటె శిబిరానికి ఎక్కువగా భయపడిన కుటుంబాలు రోగులను దాచిపెట్టసాగాయి. ప్రజల విశ్వాసాన్ని కోల్పోయిన ఆరోగ్యవిధానం తన లక్ష్యానికి తానే అవరోధమయింది. 1897 జూన్ 22న చాపేకర్ సోదరులు రాండ్‌పై కాల్పులు జరిపారు. కేసరి పత్రికలోని రచనలకు గాను బాలగంగాధర తిలక్‌కు 18 నెలల కారాగార శిక్ష పడింది.

అదే నగరంలో మరొక రకమైన సేవ కూడా జరిగింది. సావిత్రీబాయి ఫూలే, ఆమె దత్తపుత్రుడు డాక్టర్ యశ్వంత్ ప్లేగు రోగులకు చికిత్సాలయం నడిపారు. రోగుల సేవలోనే వ్యాధి సోకి ఆమె 1897 మార్చి 10న మరణించారు. సోదాలకు తలుపులు మూసుకున్న ప్రజలు సేవకు తలుపులు తెరిచారు.

ఒంటరిగా పోరాడిన ఇల్లు

1918 జూన్‌లో బొంబాయి చేరిన ఇన్‌ఫ్లుయెంజా ఆ సంవత్సరం చివరి మాసాలలో దేశమంతటా విజృంభించింది. మృతుల సంఖ్య కోటికి పైగా ఉంటుందని అంచనా. వర్షాభావం, ధరల పెరుగుదల, యుద్ధకాలపు కొరతలు దానికి తోడయ్యాయి. 1921 జనగణనలో దేశ జనాభా అంతకు ముందరి దశాబ్దం కంటె స్వల్పంగా తగ్గినట్లు తేలింది. అప్పటి ప్రభుత్వానికి అంతటి విపత్తును ఎదుర్కొనగల వైద్యవ్యవస్థ లేదు. ప్రతి ఇల్లూ తన రోగులను తానే చూసుకోవలసి వచ్చింది. స్త్రీలలో మరణాల రేటు అధికంగా ఉన్నట్లు చరిత్రకారులు గుర్తించారు. అరకొర పోషణతో ఉన్న స్త్రీలే రోగులందరికీ పరిచర్య చేయవలసి రావటం దానికి ఒక కారణమని వారి అభిప్రాయం. ఇంతటి విషాదం జరిగినా, ఆ నెలలలో సామాన్యుని ఇంట ఏమి వండుకున్నారో, ఎవరు ఎవరికి సేవ చేశారో తెలిపే కథనాలు చాలా స్వల్పం.

2020: ఇంటి లెక్కలు

2020లో ప్రభుత్వం ప్రజలను గడపకు ఇవతలే ఉండమని కోరింది. దానికి విపత్తు నిర్వహణ చట్టం, 2005 ప్రధానాధారం కాగా, రాష్ట్రాలు 1897 నాటి చట్టాన్ని కూడా వినియోగించుకున్నాయి. ఇళ్లలో కొత్త దినచర్య మొదలయింది. పాలప్యాకెట్లను సబ్బునీటితో కడగటం, కూరగాయలను ఉప్పు, పసుపు వేసిన నీటిలో నానబెట్టటం, డబ్బాలలోని కందిపప్పు ఎన్నాళ్లు వస్తుందో లెక్క చూసుకోవటం నిత్యకృత్యాలయ్యాయి. పెద్దవారి రక్తపోటు, మధుమేహం మందులు అయిపోవస్తుంటే ఆందోళన కలిగేది. అంతర్జాతీయ విమానాలు నిలిచిపోవటంతో పిల్లలు విదేశాలలో ఉన్న తెలుగు తల్లిదండ్రులకు ఫోన్ తప్ప వేరే ఆధారం లేకపోయింది. అంత్యక్రియలకు 20 మందికి మించరాదన్న నిబంధన వలన కడచూపునకు నోచుకోని వారెందరో.

దూరదర్శన్‌లో మార్చి 28 నుండి పునఃప్రసారమైన రామాయణం ఇంటిల్లిపాదినీ ఒకచోట కూర్చోబెట్టింది. అయితే ఆ సమయంలోనూ వంటింట్లో పని ఆగలేదు. 2019లో జాతీయ గణాంక కార్యాలయం జరిపిన కాలవినియోగ సర్వే ప్రకారం, వేతనం లేని ఇంటిపనిలో పాల్గొనే స్త్రీలు దానిపై రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చించగా, పురుషులు వెచ్చించినది 97 నిమిషాలే. ఇది మహమ్మారికి ముందరి లెక్క. బడి, కార్యాలయం, కొన్ని ఇళ్లలో రోగిగది కూడా ఇంట్లోనే ఏర్పడినప్పుడు ఆ భారం ఎంత పెరిగి ఉంటుందో ఊహించవచ్చు. గృహహింసపై ఫిర్యాదులు పెరగటంతో జాతీయ మహిళా కమిషన్ 2020 ఏప్రిల్‌లో వాట్సాప్ ద్వారా ఫిర్యాదులు స్వీకరించే ఏర్పాటు చేసింది. భద్రతకు మారుపేరుగా చెప్పిన ఇల్లే కొందరికి భయస్థానమయింది.

గడప లేనివారు

"ఇంట్లో ఉండండి" అన్న సూచన వెనుక ప్రతివారికీ తగినంత ఇల్లు ఉందన్న భావన ఉంది. 2011 జనగణన ప్రకారం దేశంలో దాదాపు 37 శాతం కుటుంబాలు ఒకే గదిలో నివసించేవి. అటువంటి ఇంట్లో రోగిని వేరుగా ఉంచటం దుస్సాధ్యం. పనిస్థలంలోని రేకుల షెడ్డులో తలదాచుకునే వలస కూలీకి ఇల్లు వందల మైళ్ల అవతల ఉంది. ఎందరో కాలినడకన స్వగ్రామాలకు బయలుదేరారు. 2020 మే 1న తెలంగాణలోని లింగంపల్లి నుండి జార్ఖండ్‌లోని హటియాకు సుమారు 1,200 మందితో తొలి శ్రామిక ప్రత్యేక రైలు బయలుదేరింది. ఉచిత బియ్యం, నగదు సహాయం ఎందరినో ఆదుకున్న మాట వాస్తవం. తెలంగాణ ప్రభుత్వం ఆహారభద్రత కార్డు గల కుటుంబాలకు ఒక్కొక్కరికి 12 కిలోల బియ్యం, కుటుంబానికి 1,500 రూపాయలు ప్రకటించింది. వలస కూలీలకు 12 కిలోల బియ్యం, 500 రూపాయలు ఇచ్చింది. అయినా వారిలో చాలామంది కోరుకున్నది తమ గడప చేరుకోవటమే.

ఇల్లు చేరిన బోనం

1813లో హైదరాబాదులో కలరా ప్రబలినప్పుడు, ఉజ్జయినిలో ఉన్న సైనిక ఉద్యోగి ఒకరు వ్యాధి శాంతిస్తే అమ్మవారిని తన ఊరిలో ప్రతిష్ఠిస్తానని మొక్కుకున్నారని, సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి ఆలయం అలా వెలసిందని స్థానిక సంప్రదాయం. వ్యాధి శాంతించినందుకు కృతజ్ఞతగా బోనం ఇంటి నుండి గుడికి ఊరేగింపుగా వెళుతుంది. 2020లో బోనాలను ఇళ్లలోనే జరుపుకోవలసి వచ్చింది. మహమ్మారి నుండి పుట్టిన మొక్కును మరొక మహమ్మారి గడప వద్ద ఆపివేసింది.

ఈ చరిత్ర నుండి గ్రహించదగిన విషయం ఒకటున్నది. మహమ్మారి వచ్చిన ప్రతిసారీ సమాజం ఇంటిపై ఆధారపడింది. కాని ఆ ఇంటి శక్తిని, అందులో శ్రమించేవారి శక్తిని ముందుగా లెక్కించలేదు. ఆసుపత్రిలో ఎన్ని పడకలున్నవో లెక్కించినట్లే, ఇంట్లో ఎన్ని గదులున్నవో, నీరు ఎన్ని గంటలు వస్తుందో, సేవ చేసే చేతులు ఎన్ని ఉన్నవో కూడా ఆరోగ్య ప్రణాళికలో చేరవలసి ఉన్నది. 1918 నాటి ఇంటి కథలు చాలావరకు మరుగున పడిపోయినవి. 2020 నాటి కథలు చెప్పగలవారు నేడు ప్రతి ఊరిలోనూ ఉన్నారు. ఆనాటి పద్దుల పుస్తకాలు, ఉత్తరాలు, ఛాయాచిత్రాలు, గృహిణుల, కూలీల మౌఖిక కథనాలు ఇప్పుడే సేకరించి భద్రపరిస్తే, రాబోయే తరం తన గడపను మరింత సంసిద్ధంగా ఉంచుకోగలదు.