సిరా ఇంకని చోట

మన ఇంటనున్న నాణెములను ఒకపరి త్రిప్పి చూతము. సంవత్సరపు అంకెల క్రింద చిన్న నక్షత్రము కనబడినచో అది హైదరాబాదు టంకశాల గుర్తు. 1903లో సైఫాబాదుకు చేరిన ఆ టంకశాల 1997లో చర్లపల్లికి తరలినది. లోహము సిరాను పీల్చదు. అచ్చుతో అదిమిననే అంకె దానిపై నిలుచును.

అదే చర్లపల్లిలో, దాని చేరువనున్న నాచారము, ఉప్పల్ పారిశ్రామిక వాడలలో తయారగు సరకులకును గుర్తులు కావలెను. పొట్లముపై తయారైన నెల, ధర తెలుపవలెనని 1977 నాటి తూనికలు కొలతల నియమములు విధించినవి. మందులకు తయారీ వరుససంఖ్య, గడువు తేదీ అదనము. కాని గాజుబుడ్డిని, పలుచని ప్లాస్టిక్ పొరను నాణెమువలె అదుమలేము కదా! రబ్బరు ముద్ర వేసితిమా, తడి ఆరకముందే ప్రక్కదానికి అంటుకొనును.

ఈ చిక్కును విడదీసినది విద్యుత్తు. సముద్రగర్భపు తంతివార్తలను వ్రాయుటకై, తరువాత కెల్విన్ ప్రభువైన విలియం థామ్సన్, సన్నని గొట్టము నుండి కాగితముపైకి సిరాను వదలు యంత్రమును 1867లోనే కల్పించెను. 1960 దశకమున అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో రిచర్డ్ స్వీట్ సిరాధారను బిందువులుగా విడగొట్టి, వానికి విద్యుదావేశము నిచ్చి, దారి మళ్లించెను. ఆ సూత్రముపై నడచు యంత్రములలో సిరా చిమ్ము మొన పొట్లమును తాకనే తాకదు. ద్రావకము క్షణములో ఆవిరి కాగా రంగును, దానిని పట్టియుంచు జిగురును మాత్రమే మిగులును. అక్షరమునకు పనికిరాని బిందువులు తిరిగి సిరాతొట్టికే చేరును. గృహిణులు మెచ్చదగిన పొదుపు!

సులభముగా చెరగని ముద్ర దొరికినది. అయినను దుకాణమున మాత్రల పట్టీని కత్తిరించి నాలుగు మాత్రలు ఇచ్చునపుడు, గడువు తేదీ గల ముక్క తరచు అక్కడనే మిగిలిపోవుచున్నది.