ప్రకాశం పంతులుగారి చరిత్ర ఎలా వ్రాయాలి?

గతించిన రాజకీయ నాయకులను గూర్చి వ్రాయబూనిన చరిత్రకారుడికి మన దేశంలో రెండు దారులు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి: ఒకటి హారతి పళ్ళెం, రెండవది అభియోగపత్రం. టంగుటూరి ప్రకాశం పంతులుగారికి రెండూ దండిగానే లభించాయి. రెండింటిలోనూ ఆయన కాలం దొరకదని నా ఫిర్యాదు.

ముందు హారతి సంగతి. 1928 ఫిబ్రవరి 3న సైమన్ కమిషన్‌కు నిరసనగా మద్రాసులో హర్తాళ్ జరిగింది. హైకోర్టు సమీపంలో పోలీసులు కాల్పులు జరిపారు. చనిపోయిన మనిషిని చూడబోయిన ప్రకాశంగారికి తుపాకి అడ్డం వచ్చింది. ఆయన రొమ్ము చూపి కాల్చుకోమన్నారు. ఇది సామాన్యమైన ధైర్యం కాదు. కాని తరవాత ఆ రొమ్ము విగ్రహమయింది, ఉపన్యాసాలకు ఊతపదమయింది. ఆయన చూడబోయిన శవం మాత్రం కథలోనుంచి జారిపోయింది.

ఇంతకంటె పెద్ద నష్టం మరొకటి ఉంది. ఆయన చేసిన అత్యంత సాహసోపేతమైన పని, నా దృష్టిలో, ఒక సర్కారు నివేదికలో పడివున్నది. రాజాజీ మంత్రివర్గంలో రెవెన్యూ మంత్రిగా ఆయన జమీందారీ విచారణ సంఘానికి అధ్యక్షత వహించారు. 1938 నాటి ఆ నివేదిక భూమికి యజమాని రైతేననీ, జమీందారు కేవలం శిస్తు వసూలుదారనీ తేల్చింది. శిస్తులను 1802 నాటి స్థాయికి దించాలన్నది. ఈ మాట ఆకాశంనుంచి ఊడిపడలేదు. 1937-38లోనే ఇచ్ఛాపురంనుంచి మద్రాసుదాకా రైతులు అర్జీలు పట్టుకొని కాలినడకన వెళ్ళారు. మునగాలలో, చల్లపల్లిలో జమీందార్లతో తలపడుతున్నారు. వారి నడక లేనిదే ఆ నివేదికకు అంత తెగువ వచ్చేదని నేను నమ్మను. 1939లో శాసనసభ దాన్ని ఆమోదించింది. అక్టోబరులో మంత్రివర్గం రాజీనామా చేయటంతో చట్టం రాకుండా పోయింది.

ఇక అభియోగపత్రం. 1946 ఏప్రిల్‌లో ప్రకాశంగారు మద్రాసు రాష్ట్ర ప్రధాని అయ్యారు (అప్పట్లో ముఖ్యమంత్రిని అలాగే పిలిచేవారు). 1947 జనవరిలో ఆయన హయాంలోనే, విచారణ లేకుండా నిర్బంధించే ఆర్డినెన్సు వచ్చింది. కమ్యూనిస్టులను జైళ్ళకు తోలారు. 1942 నుంచి 1945 వరకు తానే నిర్బంధంలో గడిపిన మనిషి చేసిన పని ఇది! మనవారు ఇక్కడ ‘ద్రోహం’ అని వ్రాసి కలం మూసేస్తారు. ఆ మాట కాదనను. దానితో చరిత్రకారుడి పని తీరదంటాను. 1938లో అసలు అధికారం తెల్లవాడిది. 1947 నాటికి కాంగ్రెసు ఆ యంత్రాంగానికే వారసురాలు కాబోతున్నది. పాత కలెక్టర్లూ, పాత పోలీసూ దాని చేతికి వస్తున్నారు. రైతు ఉద్యమం ఎర్రజెండా కిందికి చేరింది. పక్కనే తెలంగాణ రగులుతున్నది. సొంత పార్టీలోని ముఠాలు ఆయన కాళ్ళకింది నేలను తవ్వుతున్నాయి. మార్చిలో దిగిపోక తప్పలేదు. ఇదంతా చెప్పటం ఆయనకు మాఫీ ఇవ్వటానికి కాదు. జైళ్ళలో గడిచిన నెలలను ఏ వివరణా తిరిగి ఇవ్వలేదు.

ఆధారాల విషయంలోనూ జాగ్రత్త అవసరం. ‘నా జీవిత యాత్ర’లో ప్రకాశంగారు, ఒంగోలులో తల్లి పూటకూళ్ళ ఇల్లు నడపటం, తన చిన్ననాటి ఆకతాయితనం దాచకుండా చెప్పారు. అటువంటి నిజాయితీ మన నాయకులలో అరుదు. అయితే నాలుగవ భాగం వ్రాసినది సహచరుడు తెన్నేటి విశ్వనాథం. చివరి సంవత్సరాల కథ మనకు అభిమాని కలంనుంచి అందుతున్నది. జైలుకు వెళ్ళినవారి జ్ఞాపకాలను దాని పక్కన పెట్టి చదవాలి.

విద్యార్థులు ‘ఆయన మంచివాడా, చెడ్డవాడా?’ అని అడుగుతారు. నేను 1938 నివేదికనూ, ఆయన తరవాత వచ్చిన ఓమందూరు రామస్వామి రెడ్డియారు ప్రభుత్వం 1948లో చేసిన జమీందారీ రద్దు చట్టాన్నీ కలిపి చదవమంటాను. ఆ చట్టం జమీందార్లకు నష్టపరిహారం ఇచ్చింది. భూమి రైతుదేనని పదేళ్ళ క్రితమే తేలితే, ఆ పరిహారం ఎందుకు?