పైట కోసం పోరాటం: తిరువాన్కూరు చరిత్రను నేడు మనం చెబుతున్న తీరు

వస్త్రధారణ చరిత్ర అనగానే రంగులు, నేతలు, కుట్టుపనులు గుర్తుకు వస్తాయి. అయితే ఒక బట్టను ఎవరు కట్టుకోవచ్చు, ఎవరు కట్టుకోరాదు అని అడిగినప్పుడు ఆ సమాజంలోని అంతస్తులన్నీ బయటపడతాయి. ఇందుకు 19వ శతాబ్దపు దక్షిణ తిరువాన్కూరు తగిన ఉదాహరణ. నేటి కన్యాకుమారి జిల్లాలో అధిక భాగం నాడు ఆ సంస్థానంలోనిదే. అక్కడి నాడార్ స్త్రీలు (నాటి పత్రాలలో షాణార్లు) పైబట్ట కోసం కొన్ని దశాబ్దాల పాటు పోరాడారు. సంఘ చరిత్ర బోధనలో ఈ ఘట్టానికి చోటుంది. ప్రసంగాలలో దృష్టాంతంగానూ వాడుతున్నాం. దీన్ని నేడు చెబుతున్న తీరు నాటి ఆధారాలకు ఎంత దగ్గరగా ఉందో ఈ వ్యాసంలో పరిశీలిస్తాము.

1. నాటి ఆచారం

నాటి తిరువాన్కూరులో పై శరీరాన్ని కప్పుకోకపోవడం నాగరికత లేకపోవడానికి గుర్తు కాదు. తనకంటె పైవారి ఎదుట ఛాతీని అనాచ్ఛాదితంగా ఉంచడం అక్కడ మర్యాద. ఈ నియమం పురుషులకూ వర్తించింది. నాయర్ స్త్రీలు సైతం నంబూద్రి బ్రాహ్మణుల ఎదుట పైబట్ట తీయవలసి ఉండేది. నాడార్లు మాత్రం దాదాపు అందరి ఎదుటా తలవంచవలసిన స్థితిలో ఉండిరి గనుక వారి స్త్రీలకు పైబట్ట వేసుకునే సందర్భమే లేకపోయింది. కాబట్టి ఇక్కడి అసలు ప్రశ్న సిగ్గుకు సంబంధించినది కాదు, హోదాకు సంబంధించినది.

2. రవికె చాలునా?

లండన్ మిషనరీ సొసైటీ వారు 1806లో రింగెల్‌టోబె రాకతో ఈ ప్రాంతంలో సేవ ప్రారంభించారు. 1810 దశకంలో బ్రిటిష్ రెసిడెంటు కర్నల్ మన్రో కొంతకాలం దివానుగా కూడా ఉన్నాడు. క్రైస్తవ స్త్రీలు పై శరీరాన్ని కప్పుకోవచ్చునని అతడు ఉత్తరువిచ్చాడు. దానికి అభ్యంతరాలు వచ్చిన మీదట, సిరియన్ క్రైస్తవ స్త్రీలు తొడిగే కుప్పాయం వంటి రవికెకు మాత్రమే అనుమతి మిగిలింది. మిషనరీల భార్యలు బడిపిల్లలకు కుట్టుపని నేర్పి, వదులైన ఒక రవికెను ప్రవేశపెట్టారు.

స్త్రీలు ఆ రవికెతో తృప్తి పడలేదు. దాని మీద నాయర్ స్త్రీల వలె పైట కూడా వేసుకొనసాగారు. కలహం దీని మీదనే రేగింది. 1822లోను, తిరిగి 1827-29 మధ్యను సంతలలో వారి పైటలు లాగి చింపారు. ప్రార్థనా మందిరాలను, పాఠశాలలను తగులబెట్టారు. 1829 రాజప్రకటన రవికెను అనుమతించి పైటను నిషేధించింది. 1858-59లో అల్లర్లు మళ్లీ చెలరేగాయి. మద్రాసు గవర్నరు చార్లెస్ ట్రెవెల్యన్ ఒత్తిడి మీద 1859 జూలై 26న మరొక ప్రకటన వెలువడింది. ఏ మతానికి చెందిన నాడార్ స్త్రీ అయినా పై శరీరాన్ని కప్పుకోవచ్చునని అది అంగీకరించింది. అయితే పై కులాల స్త్రీల పద్ధతిని మాత్రం అనుకరించరాదన్నది. అనగా దేహాన్ని కప్పుకొనే హక్కు దొరికింది గాని సమానత్వాన్ని సూచించే కట్టు దొరకలేదు.

3. నేటి చిత్రణలు

నేడు ఈ చరిత్ర ముఖ్యంగా మూడు విధాలుగా వినబడుతుంది.

మొదటిది, మిషనరీలు వస్త్రహీనులకు వస్త్రమిచ్చారనే కథనం. ఇందులో ఆ స్త్రీలు కేవలం దానం పుచ్చుకొన్నవారవుతారు. మిషను వారు ఇచ్చిన రవికెను మించి కోరినది, సంతలో దెబ్బలు తిన్నది ఆ స్త్రీలే. అదే ప్రాంతంలో సంఘానికి వెలుపల అయ్యా వైకుంఠర్ (1809-1851) తన అనుచరులను తలపాగా ధరించమన్నాడు. 1915లో కొల్లం ప్రాంతపు పులయ స్త్రీలు అయ్యంకాళి నాయకత్వాన తమ కులచిహ్నాలైన కల్లుమాలలను తీసివేశారు. వీటిని విడిచి చెబితే చరిత్ర సగమే అవుతుంది.

రెండవది, చేర్తలకు చెందిన నంగేలి కథ. పన్ను అడిగిన అధికారి ఎదుట ఆమె తన రొమ్ములను కోసి ఇచ్చిందని ఆ ప్రాంతపు మౌఖిక సంప్రదాయం చెబుతుంది. ఈ తరంలో చిత్రాలు, వార్తాకథనాల ద్వారా ఇది చాలా దూరం వ్యాపించింది. ములక్కరం అనే పన్ను నిజమే. అయితే అది ఛాతీ కప్పుకొన్నందుకు వేసిన పన్ను కాదని, స్త్రీల మీద విధించిన తలపన్ను పేరని మను ఎస్. పిళ్లై వంటి రచయితలు వాదించారు. ఈ మౌఖిక జ్ఞాపకాన్ని గౌరవిస్తూనే, దాన్ని 1859 ప్రకటన వంటి పత్రంతో కలిపివేయకుండా చెప్పడం మన బాధ్యత.

మూడవది మౌనం. తొమ్మిదవ తరగతి ఎన్.సి.ఇ.ఆర్.టి. చరిత్ర పుస్తకంలో వస్త్రధారణ మీద ఒక అధ్యాయముండేది. అందులో ఈ సంఘర్షణ ప్రస్తావన ఉంది. 2016లో సి.బి.ఎస్.ఇ. ఆ భాగాన్ని పరీక్షల నుండి మినహాయించింది. 2019లో ఆ అధ్యాయమే పుస్తకం నుండి తొలగిపోయింది.

4. ముగింపు

పాఠ్యపుస్తకం విడిచిన చరిత్రను సంఘం జ్ఞాపకముంచుకోవడం మంచిది. కాని మన ఘనత కోసం దాన్ని సరళం చేస్తే మనమూ మరొక విధంగా తొలగించినవారమే అవుతాం. రాబోయే కాలపు సేవకులు ఈ ఘట్టాన్ని బోధించేటప్పుడు రవికెకు, పైటకు గల తేడాను తప్పక వివరించాలని మా మనవి. రవికె ఇస్తామన్నా పైట విడువని ఆ స్త్రీలు మర్యాదతో పాటు సమానత్వాన్నీ కోరారు. నేటి మన సంఘాలలోనూ, ఇచ్చిన దానితో తృప్తిపడమని ఎవరికి చెబుతున్నామో ఆలోచించడానికి ఆ తేడా తోడ్పడుతుంది.