ఫైటేజ్

గింజల్లో బిగిసి ఉన్న భాస్వరాన్ని విడిపించే ఎంజైమ్ పేరు ఫైటేజ్. మాట మొదటి సగం గ్రీకు ‘ఫైటాన్’, అంటే మొక్క. చివరి ‘ఏజ్’ 1833లో ఫ్రాన్స్‌లో వెలుగు చూసిన డయాస్టేజ్ నుంచి వచ్చింది. తర్వాత దొరికిన ఎంజైముల్లో చాలావాటికి అదే తోక తగిలించారు. జపాన్ శాస్త్రజ్ఞుడు ఉమెతారో సుజుకి బృందం 1907లో ఫైటేజ్‌ను గుర్తించింది బియ్యపు తవుడులోనే.

ఆ తవుడే మన చేపలకు ప్రధాన మేత. కొల్లేరు చుట్టుపక్కల చెరువుల్లో నూనె తీసిన తవుడును చిల్లుల సంచుల్లో నింపి, కర్రలకు కట్టి నీళ్లలో వేలాడదీస్తారు. చేపలు చిల్లుల దగ్గర మూగి లాక్కుని తింటాయి. తవుడులో భాస్వరం దండిగానే ఉంటుంది, కానీ చాలా భాగం ఫైటేట్ రూపంలో ఉండి ఒంటికి పట్టదు. మలంతో పోయి చెరువులో నాచు పెంచుతుంది. జింక్, కాల్షియం కూడా ఫైటేట్‌కు చిక్కుకుంటాయి. మేతలో ఫైటేజ్ కలిపేది ఇందుకే.



ఫైటేజ్ ఆమ్లంలో బాగా పనిచేస్తుంది. బొచ్చె, శీలావతి చేపలకేమో అసలు జీర్ణాశయమే లేదు. అందుకే శీలావతి మేతలో సిట్రిక్ ఆమ్లం కూడా కలిపి చూశారు, మేలు కనిపించింది. గుళికల తయారీలో వేడికి ఎంజైమ్ చెడుతుంది కాబట్టి, చల్లారాక పైన పిచికారీ చేయడం మంచిది. ఫైటేజ్ బలాన్ని ఎఫ్‌టీయూ యూనిట్లలో కొలుస్తారు; కొనే రైతు ప్యాకెట్ మీద ఆ అంకె తప్పక చూసుకోవాలి.