జమీందారుల సంఘమును, చిత్తూరు మంత్రియును

భూమి గలవారు సంఘముగా గూడి, శాసనములు చేయువారిని తమ వైపునకు ద్రిప్పుకొనుట నిన్న మొన్నటి విద్య యని పలువురు తలంచుచున్నారు. అమెరికా దేశమున స్థిరాస్తి వర్తకుల జాతీయ సంఘము 1908వ సంవత్సరమున షికాగో పట్టణమున వెలసెను. శాసనసభ్యులకు నచ్చజెప్పుటకై యేటేట నత్యధిక ద్రవ్యము వెచ్చించు సంఘములలో నది నేటికిని ముందు వరుసను నిలుచుచున్నది. కాలిఫోర్నియాలోని యట్టి సంఘమొకటి, జాతిభేదమును బట్టి యిండ్లు నిరాకరింపరాదను చట్టమును రద్దుచేయింప బూని, 1964లో ప్రజల యోట్లతో గెలిచెను. 1967లో నా దేశపు సర్వోన్నత న్యాయస్థానము దానిని గొట్టివైచెను. ఇవి దూరదేశపు ముచ్చటలు. అదే 1908వ సంవత్సరమున మన చెన్నపురి రాజధానిలో బుట్టిన యెస్టేటు భూముల చట్టము మాత్రము మన ముంగిటిది.

ఐరాల నుండి చూచువారికి భూస్వాముల బలము రెండు రూపములలో గానవచ్చును. బంగారుపాళెము, పులిచెర్ల, పాకాల యను పొరుగూళ్ల పేరులు చిత్తూరు పాళెగాండ్రను స్మరింపజేయును. 1801లో గర్ణాటక నవాబు రాజ్యము కుంఫిణీవారి వశమైన పిమ్మట, ఈ పాళెగాండ్రు 1804, 1805 సంవత్సరములలో దిరుగబడి యోడిరి. వారి బలము కోటయు కొండయు అడవియు. కార్వేటినగరము, శ్రీకాళహస్తి, వెంకటగిరి, పుంగనూరు ప్రభువులు పేష్కషు చెల్లించుచు నిలిచిరి. కాలక్రమమున జమీందారుల బలము కోటను విడిచి కచ్చేరికిని, కచ్చేరి నుండి శాసనసభకును బోయెను.

1802 నాటి 25వ రెగ్యులేషను శాశ్వత పైసలాను స్థాపించి, జమీందారును భూమికి యజమానిగా బేర్కొనెను. దున్నువాని హక్కేమి యను ప్రశ్న నూరేండ్లు కోర్టులలో నలిగెను. 1897లో చెన్నపురి హైకోర్టు, వెంకటనరసింహనాయుడు దండమూడి కోటయ్యల వ్యాజ్యమున, రైతు జమీందారుని దయవలన దున్నుకొను కౌలుదారు కాడనియు, వాని కనుభవహక్కు గలదనియు దీర్పు చెప్పెను. జమీందారులకిది పిడుగుపాటు. ఆ తీర్పును శాసనముగా మార్చుటకై ప్రభుత్వము పూనుకొనగా భూస్వాములు విన్నపములతోను మహజరులతోను అడ్డుపడిరి. తుదకు 1908లో జట్టమైనది. రైతునకు సేద్యపు హక్కు స్థిరపడినది. ధరలు పెరిగినవను కారణమున శిస్తు హెచ్చింపగోరిన, రూపాయికి రెండణాలకు మించరాదనియు నియమింపబడెను.

ఓడినవారూరకుండలేదు. 1919 నాటి రాజ్యాంగ సంస్కరణముల వలన నేర్పడిన చెన్నపురి శాసనసభలో భూస్వాములకే 6 స్థానములు ప్రత్యేకింపబడెను. 1937 నాటి శాసనసభలోని 215 స్థానములలోను ఆ ఆఱును నిలిచెను. ఆఱే కదా యనరాదు. సామాన్య నియోజకవర్గములలో నిలువబడుటకు వారికి నిషేధము లేదు; శిస్తు కట్టువారికే యోటున్న దినములలో, శిస్తు వసూలు చేయువాని మాటకు విలువ యెంతయో చెప్పనక్కఱలేదు. 1916లో బుట్టిన జస్టిసు పార్టీకి బ్రాహ్మణేతరుల న్యాయమైన కోరికలు ప్రాణము. జమీందారుల ధనము దానికి రక్తము. పత్రికలు కావలెను, మహాసభలు కావలెను, ఎన్నికల ఖర్చు కావలెను. సాహిత్యప్రియులమైన మనమును ఈ ధనమునకు ఋణపడియున్నాము: సూర్యరాయాంధ్ర నిఘంటువు పిఠాపురము వారి యౌదార్యఫలమే. ఉపకారము చేసిన చేయి శాసనమును గూడ దిప్పగోరిన నేమనవలెనో తోచకుండుటయే యిందలి చిక్కు.

మన జిల్లా మంత్రి కథ యీ సందర్భమున దలపవలసినది. బొల్లిని మునుస్వామినాయుడుగారు తిరుత్తణి ప్రాంతమున, నాడు చిత్తూరు జిల్లాలోనిదియు నేడు తమిళనాటిదియు నగు వేలంజేరిలో సేద్యగాండ్ర కుటుంబమున బుట్టి, చిత్తూరున న్యాయవాదియై పేరొందిరి. కాళహస్తిలో జన్మించిన పానగల్లు రాజాగారు 1928లో గతించిన తరువాత పార్టీ నాయకత్వము వీరికి సంక్రమించెను. 1930 అక్టోబరులో బ్రధానమంత్రి యైరి. ఆయన మంత్రివర్గమున పి. టి. రాజన్, కుమారస్వామి రెడ్డియార్ గారలు తోడి మంత్రులు. జమీందారు లొక్కరును లేరు. అది ధరలు పడిపోయి రైతు శిస్తు కట్టలేక యల్లాడిన కాలము. సేద్యగాని కొడుకు ప్రధానియై యుండుట జమీందారులకు గిట్టలేదు. బొబ్బిలి రాజాగారును వెంకటగిరి కుమారరాజాగారును ఆయనకు వ్యతిరేకముగా గట్టుకట్టిరి. 1932 అక్టోబరులో తంజావూరున జరిగిన పార్టీ మహాసభ గలాటాలో మునిగెను. నవంబరు మొదటి వారమున నాయుడుగారు పదవి విడిచిరి, బొబ్బిలివారు దాని నధిష్ఠించిరి. పాత సహచరులిద్దఱును క్రొత్త మంత్రివర్గమునను మంత్రులుగనే యుండిరి! ఎవరెవరికెంత ముట్టినదో లెక్కలు చూపువారు లేరు గనుక మేము దానిని జెప్పబోము. చేతికందిన యధికారము మాత్రము ప్రత్యక్షము. నాయుడుగారు 1935లో గీర్తిశేషులైరి.

అయితే ద్రవ్యమున కెల్లప్పుడును జయము కలుగలేదు. 1937 ఎన్నికలలో గాంగ్రెసువారు 159 స్థానములు గెలిచిరి. బొబ్బిలి రాజాగారే తమ సొంత సీమలో వి. వి. గిరిగారి చేతిలో నోడిరి. జస్టిసు పార్టీతో బొసగక పిఠాపురమువారు పెట్టిన ప్రజాపార్టీయును నిలువలేదు. అంతట బ్రకాశము పంతులుగారి యధ్యక్షతను విచారణసంఘ మేర్పడి, 1938లో దన నివేదిక నిచ్చెను: భూమికి యజమాని రైతే, శిస్తు 1802 నాటి మట్టమునకు దిగవలెను. దీనికి జట్టరూపము రాకమున్నే, 1939 అక్టోబరులో, యుద్ధసమస్యపై మంత్రివర్గము రాజీనామా యిచ్చెను. జమీందారుల కది పదేండ్ల కాలపు వరము.

1948 నాటి 26వ చట్టముతో నెస్టేట్లు రద్దయ్యెను. నష్టపరిహారమును గణించుటలో జిన్న యెస్టేటునకు మూల వార్షికాదాయముపై 30 రెట్లు, లక్షకు మించినదానికి 12½ రెట్లు అని తరగతులు పెట్టుట యందలి న్యాయబుద్ధి మెచ్చదగినది. భూసంస్కరణలపై వ్యాజ్యములు పెరుగగా, 1951లో రాజ్యాంగమును మొదటిసారి సవరించి చేర్చిన తొమ్మిదవ షెడ్యూలులో నీ చట్టమును జేర్చి రక్షించిరి.

ఇప్పుడు భూమి బలము శిస్తులో లేదు, ప్లాటులో నున్నది. జమీందారుల సంఘము పోయి భవననిర్మాతల సంఘములు వచ్చినవి. 1999లో బుట్టిన క్రెడాయి దేశవ్యాప్తమైనది. కొనుగోలుదారుల రక్షణకై 2016లో రెరా చట్టము వచ్చెను. ఏ వ్యాపారి యే పార్టీ కెంత యిచ్చెనో 2018 నుండి నడచిన యెన్నికల బాండ్లు దాచిపెట్టగా, సుప్రీముకోర్టు 2024 ఫిబ్రవరి 15న వానిని గొట్టివైచి, పద్దులు బయటపెట్టించెను. అమెరికాలోని సంఘము శాసనసభ్యులను నచ్చజెప్పుటకు వెచ్చించిన సొమ్మును 1995 నాటి చట్టము ప్రకారము లెక్క చూపవలెను. మన దేశమున నట్టి చట్టము లేనందున, మంత్రుల గదులలో సంఘములు నడపు రాయబారములకైన వ్యయము ఆ బయటపడిన పద్దులలోను గానరాదు.