భోగాపురం తీరంలో కాంతి, శబ్ద కాలుష్యం

విజయనగరం జిల్లాలో భోగాపురం సముద్రతీర మండలం. దక్షిణాన గోస్తనీ నది భీమిలి దగ్గర, ఉత్తరాన చంపావతి కోనాడ దగ్గర బంగాళాఖాతంలో కలుస్తాయి. ఆ రెండింటి నడుమ ఇసుక దిబ్బలు, సరుగుడు తోటలు, తాటి తోపులు, ముక్కాం, చేపలకంచేరు వంటి మత్స్యకార గ్రామాలు ఉన్నాయి. తీరానికి కొద్ది కిలోమీటర్ల లోపల అల్లూరి సీతారామరాజు అంతర్జాతీయ విమానాశ్రయానికి 2023 మే 3న శంకుస్థాపన జరిగింది. 3,800 మీటర్ల రన్‌వే మీద 2026 జనవరి 4న తొలి విమానం పరీక్షగా దిగింది. విశాఖలోని ఐఎన్‌ఎస్ డేగా నౌకాదళ స్థావరం నుంచి పౌర విమానాల రాకపోకలను ఇక్కడికి మార్చాలన్నది ప్రణాళిక. విశాఖ నుంచి భోగాపురం దాకా ఆరు వరుసల బీచ్ రోడ్డు ప్రతిపాదన కూడా ఉంది. దాని వెంట హోటళ్లు, వీధిదీపాలు వస్తాయి. ఈ తీరంలోని జీవాలకు శబ్దం కంటే కాంతితోనే ముప్పు ఎక్కువ. తేలిగ్గా సరిదిద్దుకోగలిగేదీ కాంతినే.

తాబేళ్లు

ఉత్తరాంధ్ర తీరానికి ఏటా చలికాలం చివర ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఎక్కువగా జనవరి నుంచి మార్చి వరకు, రాత్రిపూటే ఒడ్డెక్కుతాయి. తల్లి తాబేలు వెనక కాళ్లతో ఇసుకలో గుంట తవ్వి, సుమారు వంద గుడ్లు పెట్టి, కప్పేసి వెళ్లిపోతుంది. 45 నుంచి 60 రోజులకు పిల్లలు బయటికొస్తాయి. తల్లి ఉండదు, దారి చూపేవారు ఉండరు. సముద్రం ఎటుందో వెలుతురును బట్టే తెలుసుకోవాలి. చీకటి రాత్రి సముద్రం మీది ఆకాశం నేలవైపు కంటే కాస్త వెలుగ్గా ఉంటుంది. వెనకనున్న దిబ్బలు, తోపులు నల్లటి గోడలా కనిపిస్తాయి. ఆ నలుపుకు దూరంగా, వెలుగుకు దగ్గరగా నడిస్తే నీళ్లు చేరతాయి. ఒడ్డున దీపాలు వెలిగితే ఈ లెక్కంతా తలకిందులవుతుంది. పిల్లలు దీపాలవైపు పాకి, ఓపిక అయిపోయి, తెల్లవారేసరికి ఎండకు వాడిపోతాయి, లేదా కుక్కలకు, కాకులకు, పీతలకు చిక్కుతాయి. ఒడిశాలో రుషికుల్య నది ముఖద్వారం దగ్గర ఇలా దారితప్పిన పిల్లలను స్థానిక యువకులు ఏరి నీళ్లలో వదలడం ఏళ్లుగా జరుగుతోంది. శ్రీకాకుళం జిల్లా సరిహద్దుకు అది ఎంతో దూరం కాదు.

తల్లుల మీదా వెలుతురు ప్రభావం ఉంది. బ్లెయిర్ విదరింగ్టన్ ఫ్లోరిడా, కోస్టారికా తీరాల్లో చేసి 1992లో ప్రచురించిన ప్రయోగాల్లో, తెల్లటి పాదరసపు దీపాలు వెలిగిన చోట గుడ్లు పెట్టే తాబేళ్లు బాగా తగ్గిపోయాయి. పసుపు సోడియం దీపాల దగ్గర తేడా దాదాపు కనిపించలేదు. తాబేలు పిల్లలను ఎక్కువగా లాగేదీ నీలి, ఆకుపచ్చ కాంతే. హుద్‌హుద్ తుపాను (2014) తర్వాత విశాఖలో 90 వేలకు పైగా వీధిదీపాలు ఎల్‌ఈడీలయ్యాయి. కరెంటు ఆదా అయింది, అది మంచిదే. అయితే తెల్లటి ఎల్‌ఈడీలో నీలి కాంతి పాలు ఎక్కువ. నగరానికి పనికొచ్చిన దీపాన్నే యథాతథంగా ముక్కాం ఒడ్డుకు తెచ్చి నిలబెట్టడం సరికాదు. ఆంధ్ర తీరంలో పలుచోట్ల అటవీశాఖ, స్వచ్ఛంద సంస్థలు మత్స్యకారుల తోడ్పాటుతో గుడ్లను సేకరించి, రక్షిత కేంద్రాల్లో పొదిగించి, పిల్లలను సముద్రంలో వదులుతున్నాయి. ఈ గుడ్లు సేకరించేవారి కంటపడని గుంటల్లోంచి వచ్చే పిల్లలకు మాత్రం చీకటే దిక్కు.

పక్షులు

చిన్న వలస పక్షులు చాలావరకు రాత్రిపూటే ప్రయాణిస్తాయి. నక్షత్రాలు, భూ అయస్కాంత క్షేత్రం వాటికి దిక్సూచులు. మబ్బు, మంచు కమ్మిన రాత్రుల్లో బలమైన దీపాలు వాటిని కిందికి లాగుతాయి. అస్సాంలోని జటింగాలో శరదృతువు చీకటి రాత్రుల్లో దీపాల దగ్గర పక్షులు వాలడం ఇలాంటిదే. న్యూయార్క్‌లో సెప్టెంబరు 11 మృతుల స్మారకంగా ఆకాశంలోకి వేసే కాంతి స్తంభాల చుట్టూ, ఏడు రాత్రుల పరిశీలనలో సుమారు 11 లక్షల పక్షులు ప్రభావితమైనట్లు 2017లో వచ్చిన అధ్యయనం లెక్కగట్టింది. దీపాలు ఆర్పగానే అవి చెదిరి తమ దారి పట్టాయి.

శబ్దం పని మరోలా ఉంటుంది. వాహనాల, యంత్రాల హోరు ఎక్కువగా మంద్రస్థాయిలో ఉండి, గొంతు లోతైన పక్షుల కూతలను మింగేస్తుంది. నెదర్లాండ్స్‌లోని లైడెన్ నగరంలో రొద ఎక్కువున్నచోట గ్రేట్ టిట్ పిట్టలు శ్రుతి పెంచి పాడుతున్నట్లు 2003లో తేలింది. మాడ్రిడ్ తదితర విమానాశ్రయాల దగ్గర కొన్ని జాతులు విమానాల రద్దీ మొదలుకాకముందే, మామూలు కంటే తెల్లవారుజామున ముందుగా కూయడం ప్రారంభిస్తున్నాయని 2015 నాటి పరిశోధన చెప్పింది. అమెరికాలోని ఐడహోలో అడవిలో రోడ్డే లేకుండా, స్పీకర్లతో వాహనాల శబ్దం మాత్రమే వినిపించినా, పక్షుల సంఖ్య పావువంతుకు మించి పడిపోయింది. వరిచేలల్లో ఎలుకల్ని పట్టే గుడ్లగూబకు నష్టం ఇంకా సూటిగా ఉంటుంది. చీకట్లో ఎలుక కదలికను అది చెవితోనే పసిగడుతుంది. ఎడతెగని హోరు ఉంటే వేట దెబ్బతింటుంది, దానితో రైతుకూ నష్టమే.

మనుషుల అలికిడి ఉన్నచోటల్లా పక్షులు పారిపోవు. శ్రీకాకుళం జిల్లా తేలుకుంచిలో నత్తగుల్ల కొంగలు ఇళ్ల మధ్య చింతచెట్ల మీదే గూళ్లు కడతాయి. తేలినీలాపురంలో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఊరి పక్కనే పిల్లల్ని పెంచుతాయి. రోజూ వినే అలికిడికి అవి అలవాటుపడతాయి. బెదరగొట్టేది బాణసంచా, డీజే లాంటి హఠాత్తు మోత. పెద్దపక్షి ఒక్కసారి గూడు వదిలి లేస్తే కాకులకు, గద్దలకు గుడ్లు దొరుకుతాయి. తేలినీలాపురం పక్షులు మేతకు వెళ్లే నౌపడ చిత్తడి నేలల ప్రాంతంలోనే మూలపేట ఓడరేవు నిర్మాణం 2023లో మొదలైంది. దాని దీపాల గురించి కూడా ఇప్పుడే ఆలోచించాలి.

చట్టాలు, మార్గాలు

శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలు (2000) నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి విధించాయి. అవి మనిషి చెవి కోసం రాసినవి. కాంతి కాలుష్యంపై దేశవ్యాప్త చట్టమే లేదు. ఆలివ్ రిడ్లీకి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని మొదటి షెడ్యూలు రక్షణ ఉంది. తీరప్రాంత నియంత్రణ మండల నిబంధనలు తాబేళ్లు గుడ్లు పెట్టే ఒడ్డును అత్యంత సున్నితమైన వర్గంలో చేర్చాయి. బీచ్ రోడ్డుకు, హోటళ్లకు అనుమతులిచ్చేటప్పుడు దీపాల షరతులు రాయడానికి ఈ నిబంధనలే ఆధారం కాగలవు.

రన్‌వే దీపాలు విమాన భద్రతకు తప్పనిసరి, వాటి జోలికి పోనక్కర్లేదు. పార్కింగు స్థలాలు, ప్రకటన బోర్డులు, బీచ్ రోడ్డు, హోటళ్ల ముంగిళ్ల సంగతి వేరు. అక్కడ పైకి, పక్కకు కాంతి పోకుండా మూత ఉన్న దీపాలు, తక్కువ ఎత్తు స్తంభాలు, ముదురు పసుపు కాంతి వాడవచ్చు. జనవరి నుంచి మే వరకు సముద్రంవైపు దీపాలు రాత్రి ఆర్పివేయవచ్చు. ఒడ్డుకూ రోడ్డుకూ మధ్య సరుగుడు వరుసను నరకకుండా ఉంచితే చాలా వెలుతురు అక్కడే ఆగిపోతుంది. ఒడిశాలో గహిర్‌మఠ దగ్గరున్న అబ్దుల్ కలాం దీవిలో క్షిపణి పరీక్షల కేంద్రమే తాబేళ్ల కాలంలో దీపాలు తగ్గించేందుకు, కప్పేందుకు ఒప్పుకుంది. భోగాపురం తీరంలో దీపపు స్తంభాలు చాలావరకు ఇంకా నాటాల్సే ఉంది.