రక్తం ఆపడం ఎలా నేర్చుకున్నారు: యుద్ధభూమి ప్రథమ చికిత్స చరిత్ర



మొన్న మా హాస్టల్లో ప్రథమ చికిత్స శిక్షణ పెట్టారు. మొదటి గంట పాఠం చెప్తుంటే సగం మందిమి కునికాం. తర్వాత చేతికి గుడ్డ, కర్ర ఇచ్చి, లైట్లు ఆపేసి, "ఒంటి చేత్తో మీ చెయ్యి మీరే కట్టుకోండి" అన్నారు. మాలో ఒక్కరికీ సరిగ్గా రాలేదు. ఈ పద్ధతి ఎక్కడ పుట్టిందా అని చదివితే పెద్ద చరిత్రే ఉంది.

గాయం పైన గుడ్డ కట్టి, కర్రతో మెలిపెట్టి రక్తం ఆపడం 1674లోనే ఫ్రెంచి సైన్యంలో ఉంది. కానీ అలా కడితే కాలో చెయ్యో పోతుందన్న భయం చాలాకాలం ఉండిపోయింది. ఏ దారీ లేకపోతేనే కట్టాలని నేర్పేవారు. వియత్నాం యుద్ధంలో కాళ్లూ చేతుల గాయాల నుంచి రక్తం పోయే 2,500 మందికి పైగా అమెరికా సైనికులు చనిపోయారు.

1996లో అమెరికా సైనిక వైద్యులు కొత్త పద్ధతి రాశారు. కాల్పులు జరుగుతుండగా చేసే వైద్యం వేరు, కాస్త చాటుకి చేరాక చేసేది వేరు, తరలించేటప్పుడు చేసేది వేరు అని మూడు దశలు పెట్టారు. మొదటి దశలో వైద్యమంటే దాదాపుగా ఆ కట్టు ఒక్కటే.

రేంజర్ రెజిమెంట్ ఇంకో అడుగు వేసింది. వైద్య సిబ్బందికే కాదు, ప్రతి సైనికుడికీ చేతులతో చేయించి నేర్పింది. 2001 నుంచి 2010 వరకు ఆ రెజిమెంట్‌లో 32 మంది చనిపోయారు. వాళ్లలో ఆసుపత్రికి చేరేలోపు సరైన ప్రథమ చికిత్స అందక పోయినవాళ్లు ఒక్కరూ లేరని తర్వాత లెక్క తేలింది. బాగ్దాద్ ఆసుపత్రిలో చేసిన పరిశీలనలో, రక్తం పోయి మనిషి షాక్‌లోకి వెళ్లకముందే కట్టు పడినవాళ్లలో 90 శాతం బతికారు. వెళ్లాక పడినవాళ్లలో 10 శాతమే బతికారు.

మన గూడేలకి ఈ యుద్ధాల గోల ఎందుకంటారా? మనకి తుపాకీ గాయాలు కాకపోవచ్చు. గొడ్డలి జారుతుంది, ట్రాక్టర్ బోల్తా పడుతుంది. డోలీ మోసుకుని రోడ్డెక్కేసరికి గంటలు పడుతుంది. పెద్ద నరం తెగితే మనిషి దగ్గర ఉండేవి నిమిషాలే. అప్పుడు పక్కనుండేది డాక్టరు కాదు, మనమే.

గుర్తుంచుకోండి: ముందు గాయాన్ని గట్టిగా అదిమిపట్టాలి. కాలికో చేతికో తగిలి రక్తం ఆగకుండా చిమ్ముతుంటేనే గాయానికి రెండు మూడు అంగుళాల పైన, కీలు మీద కాకుండా, వెడల్పు గుడ్డతో కట్టి ఆగేదాకా మెలిపెట్టాలి. కట్టిన టైము రాయాలి. దారిలో విప్పకూడదు. పాము కాటుకి మాత్రం ఇలా అస్సలు కట్టొద్దు. మన పెద్దోళ్లు తాడుతో బిగించి కడతారు, దానివల్ల కాలే పాడవుతుంది. కదలకుండా పడుకోబెట్టి ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

మేము ఇప్పుడు వారానికోసారి రాత్రి లైట్లు ఆపేసి మళ్లీ మళ్లీ కట్టి చూస్తున్నాం. సెలవులకి ఊరెళ్లినప్పుడు మా గూడెం కుర్రాళ్లకి నేర్పుతాం. మీరూ మీ హాస్టల్లో మొదలుపెట్టండి, ఎలా సాగిందో ఇక్కడ రాయండి.